ఊపిరి లెక్క

వేదవతమ్మ దృష్టిలో పసివాడికి జలుబు చేసిందంటే తప్పంతా గాలిదే. అందుకే ఎనిమిది నెలల మనవణ్ణి రెండు స్వెటర్లు, ఒక మంకీ క్యాప్, పైన శాలువాతో చుట్టేసింది. లోపల పిల్లవాడున్నాడని నమ్మాలంతే, కనిపించేది ముక్కు ఒక్కటే. కోడలు భావనకు ఒళ్లు మండింది.

"దగ్గు కాదండీ, ఊపిరి చూడాలట. పొట్ట లేచి దిగితే ఒకటి. నిమిషానికి యాభై వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలని టీకాల నర్సమ్మ చెప్పింది."

"మేం పిల్లల్ని పెంచామే గానీ లెక్కపెట్టలేదమ్మా," అని అత్తగారు పూజకు కూర్చుంది.

అదే అదను. భావన గుడ్డలన్నీ విప్పి, గడియారం చూస్తూ లెక్కపెట్టింది. అరవై రెండు! పైగా గాలి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. బిడ్డను ఎత్తుకుంది. అత్తగారికి చెప్పకుండానే బయల్దేరింది.

ఆ రోజు ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ బంద్. ఆటోలు లేవు. దిల్‌సుఖ్‌నగర్ నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆసుపత్రి దానికి అవతల. విజయవాడలో చిక్కుకుపోయిన భర్త అభిరామ్ ఫోనులో ఒకటే మాట: "నోరు విప్పమాక. మన గుంటూరు యాస వింటే గొడవైపోద్ది."

భావన మూగనోము పట్టి నడిచింది. అన్నం గుండిగ దగ్గర గరిటె పట్టుకున్న మల్లమ్మ ఆపింది.

"ఏడికమ్మా?"

భావన బిడ్డను చూపించి, దగ్గినట్టు సైగ చేసింది.

"అయ్యో, మాటలు రావు పాపం! పోరనికి సలి వెడ్తున్నట్టుంది, ఏమన్న కప్పుండ్రే!"

ఒకామె మెడలోని కండువా తీసి బిడ్డకు చుట్టబోయింది. ఇక ఆగలేకపోయింది భావన.

"ఇంకొక్క గుడ్డ కప్పారంటే ఊరుకోను! డొక్కలెగరేస్తన్నాడు, కనపడట్లా? నిమిషానికి యాభై వస్తే ప్రమాదమంట, ఊపిరి లెక్కపెట్టండి, చూద్దాం!"

గుంటూరు మొత్తం బయటపడింది. భయంతో నాలుక కరుచుకుంది.

మల్లమ్మ గరిటె కింద పెట్టి, పసివాడి పొట్ట మీద చూపు నిలిపి, గట్టిగా లెక్క మొదలెట్టింది. పొద్దుటి నుంచి నినాదాలిచ్చిన గొంతులు కదా, ఆడవాళ్లంతా అందుకున్నారు. ముప్పై దాటేసరికి నినాదాల మైకు కూడా ఆగిపోయింది. యాభై అనేసరికి భావన చేతి గడియారంలో నిమిషం ఇంకా పూర్తికాలేదు.

"సాలు, సాలు! తొవ్వ ఇడువుండ్రి! జంగయ్యా, బండి తియ్యి!"

జంగయ్య బండి మీద ఆసుపత్రికి చేరారు. న్యుమోనియా అన్నాడు డాక్టరు. ఇవాళ తీసుకొచ్చారు కాబట్టి భయం లేదన్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న భావన బావురుమంది.

సాయంత్రం మల్లమ్మ అన్నం డబ్బాతో వచ్చింది. వెనకాల చంటిపిల్లల్నెత్తుకుని ఐదుగురు తల్లులు. పిల్లలెవరికీ ఒంటి మీద చొక్కా లేదు.

"ఓ గుంటూరామె, మా పోరగాండ్లయి గూడ జర లెక్కవెట్టమ్మా!"

భావన కళ్లు తుడుచుకుని, చేతి గడియారం విప్పి మొదటి తల్లి చేతిలో పెట్టింది.

"నేను కాదు, మీరే పెట్టండి. పక్కన నేనుంటా."