రంగు తేలని నీళ్ళు

మీటరు తేడాగా చూపిస్తే చాలు, అందరూ ముందు దానికోసం నీళ్ళలో ముంచి ఉంచే ప్రోబునే తిడతారు. నీళ్ళలోనే తేడా ఉందేమోనన్న అనుమానం ఒక్కరికీ రాదు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఈ నీటిశుద్ధి కేంద్రాలను చూసే పుట్టి ఉంటుందని మీటరమ్మ నమ్మకం. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ప్రోబులు పరీక్షించి బాగుచేసే మనిషి కావడంతో పంపు హౌసుల్లో అందరికీ మీటరమ్మే అయిపోయింది. ఆ రోజు ఒక చోట ప్రోబుకు పట్టిన పాకుడు గీకి, ఇంకో చోట ఎలుక కొరికిన కేబులు మార్చేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. ఇక ఇంటికి పోదామనుకుంటుండగా బావ ఫోను చేశాడు.

బావంటే అక్క మొగుడు. పెద్ద కేంద్రంలో క్లోరిన్ గది చూసుకుంటాడు. ఈ పనిలోకి ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది అతనే. నీళ్ళు ఒక్కసారి వాసన చూసి క్లోరిన్ ఎంతుందో చెప్పేవాడు, తర్వాత మీటరు చూస్తే అంతే ఉండేది. ఆ ముక్కంటే అతనికి వల్లమాలిన గర్వం. మీటరు ఉదయం నుంచి పై అంచుకు అంటుకుపోయిందట. చేతి పరీక్షలో చూస్తే క్లోరినే లేదట. లేదు కదా అని క్లోరిన్ గ్యాసు ఇంకాస్త, ఇంకాస్త పెంచుతున్నాడట. సాయంత్రం ఊరికి నీళ్ళు వదిలేలోగా వచ్చి ఆ దిక్కుమాలిన ప్రోబు సంగతి తేల్చమన్నాడు.

వెళ్ళింది. ప్రోబు ఊడదీసి కొనకున్న పొర చూసింది. చిరుగు లేదు, లోపల గాలిబుడగా లేదు. ఆఫీసు గదిలో డ్రమ్ములో పట్టి ఉంచిన నిన్నటి నీళ్ళలో ముంచితే బుద్ధిగా సరైన అంకె చూపించింది. మళ్ళీ లైనులో పెట్టగానే పైకెక్కి కూర్చుంది. సంచిలోంచి కొత్త ప్రోబు తీసి బిగిస్తే అదీ అంతే. ఇద్దరు సాక్షులు ఒకే అబద్ధం ఎందుకాడతారు? మోకాళ్ళు పీకుతుంటే స్టూలు లాక్కుని కూలబడింది.

బావ మాత్రం హుషారుగా ఉన్నాడు. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, పరీక్ష బిళ్ళ వేసి చూపించాడు. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తేలాలి, నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

"చుక్క క్లోరిన్ లేదమ్మాయ్. నా ముక్కు ఎప్పుడైనా తప్పిందా?"

ఆమె గొట్టం అందుకుని మొహం దగ్గరికి తెచ్చిందో లేదో కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గొంతు పట్టేసి దగ్గు తెర ఆగలేదు. ఆ గదిలో ఎప్పుడూ ఉండే ఘాటే కదా అని అప్పటిదాకా పట్టించుకోలేదు. అదే గొట్టాన్ని గుండెల నిండా పీల్చిన మనిషి ఎదురుగా నిక్షేపంలా నిలబడి ఉన్నాడు.

ఆమె ఇంకో గొట్టం నీళ్ళు పట్టి బిళ్ళ వేసి, ఈసారి రెప్ప వెయ్యకుండా చూసింది. గులాబీ రంగు ఒక్క క్షణం భగ్గుమని మాయమైంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే కాల్చేస్తుంది. అందరూ పనిలో చేరగానే నేర్చుకుని, ఆనక మరిచిపోయే సంగతే ఇది. మూతెడు శాంపిల్‌ని గ్లాసెడు డ్రమ్ము నీళ్ళలో కలిపి మళ్ళీ పరీక్షించింది. గ్లాసంతా ఎర్రగా అయిపోయింది.

ఆమె ముందు వెళ్ళి గ్యాసు కట్టేసింది, తర్వాత ఊరికి పోయే వాల్వు బిగించింది. తిరిగొచ్చి అడిగింది.

"వాసన ఎప్పట్నుంచి తెలీడం లేదు బావా?"

జలుబన్నాడు. ఆమె కదలకపోయేసరికి నెమ్మదిగా బెంచీ మీద కూర్చున్నాడు. ఆమధ్య వచ్చిన జ్వరం తగ్గింది గానీ వాసన మాత్రం తిరిగి రాలేదట. మొన్న ఇంట్లో పాలు మాడి గిన్నె నల్లబడిపోతుంటే పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చున్నాడట. అక్క చెడామడా తిట్టినా ఆమెకూ చెప్పలేదు. ముక్కు పనిచెయ్యని మనిషిని క్లోరిన్ గదిలో ఉంచకూడదు. కొత్తవాళ్ళకు ఆ మాట నేర్పేదే అతను.

"ప్రోబు పాడైందని చెప్పెయ్యమ్మాయ్. నీళ్ళు ఎలాగూ బయటికి పోలేదుగా. ఇకనుంచి మీటరు చూసే నడుపుతాను. సంగతి తెలిస్తే నన్ను తీసుకెళ్ళి గేటు దగ్గర కూర్చోబెడతారే."

ఆ ఒక్క మాట చెబితే ఆమె కూడా ఇంటికి పోయి నడుం వాల్చవచ్చు. కాదని ఎవరంటారు? బావ మీద కోపం ముంచుకొచ్చింది, వెంటనే జాలీ వేసింది. రెంటినీ మోసే ఓపిక ఆమెకు లేదు.

"మీటరు నీళ్ళ సంగతి చెబుతుంది. గదిలో సిలిండరు కారితే? అలారం మోగేదాకా పీలుస్తూ కూర్చుంటావా?"

ఆమె కేంద్రం ఇంజనీరుకు ఫోను కలిపింది. ఆయన అలవాటుగా ప్రోబుకేమైందని అడిగాడు.

"ప్రోబు బాగానే ఉంది సార్," అంది. "మా బావకి వాసన తెలియడం లేదు."

ఫోను పెట్టేసరికి బావ లేచి, క్లోరిన్ గది తాళంచెవి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"మీ అక్కకి కూడా నువ్వే చెప్పు," అన్నాడు.