వాసన పోని చోటు

2019 మార్చి పదో తేదీ, ఆదివారం. బీర్‌గావ్‌లో నూకరాజు మనవరాలి అన్నప్రాశన. పనసపొట్టు కూర, గారెలు, అల్లం పచ్చడి, చివర్లో జీడిపప్పు వేసిన ఖీర్. నూకరాజూ నేనూ రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఒకేసారి చేరి ఒకేసారి రిటైరైనవాళ్లం. రెండోసారి నా గిన్నెలో ఖీర్ పోసింది అతనే.

“సామీ, నువ్వు కదలకు. నీళ్ల క్యాన్లు అయిపోయాయి. టెంపోలో వెళ్లి పట్టుకొచ్చేస్తాను.”

చాలాసేపటికి తిరిగొచ్చాడు. నేను బయల్దేరేటప్పుడు వాళ్లావిడ రెండు గారెలు కాగితంలో చుట్టి “ఇవి గోలీకి అన్నయ్యగారూ” అని నా చేతిలో పెట్టింది.

భన్‌పురిలో మా ఇల్లు చేరేసరికి గేటు తెరిచి ఉంది. మా ఆండాళక్క అరుగు మీద కూర్చుని ఉంది.

“గేటు సరిగ్గా పడనేదు తమ్ముడూ. కుక్క ఎటో ఎల్లిపోనాది.”

గోలీని తెచ్చింది నా భార్య చాందిని. ఒక వానరోజు కూరల సంచిలో వంకాయల మీద కూర్చోబెట్టుకుని తెచ్చింది. పెరిగి పెద్దదయ్యాక కూడా అది ఒక్కనాడూ ఇల్లు పాడు చేయలేదు. కిందటి నవంబరులో చాందిని పోయింది. నన్ను చూసుకోవడానికి మా అక్క వచ్చి ఉండిపోయింది. ఆ నెలలోనే గోలీ హాల్లో ఉచ్చ పోయడం మొదలుపెట్టింది. ఎక్కడపడితే అక్కడ కాదు. చాందిని పోయిన రోజు ఆమెను పడుకోబెట్టిన చోట, సరిగ్గా అక్కడే.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. మరకకు నాకు భయం లేదు. పాత గుడ్డతో అద్ది తీసేవాణ్ణి, రుద్దేవాణ్ణి కాదు. రుద్దితే లోపలికి పోతుంది. తర్వాత చన్నీళ్లు. ఆ తర్వాత సిర్కాలో, అదే వెనిగర్‌లో, సగానికి సగం నీళ్లు కలిపి తుడిచి, వంటసోడా చల్లి ఆరనిచ్చేవాణ్ణి. టైల్స్ సందులు పాత బ్రష్షుతో తోమేవాణ్ణి. మధ్యాహ్నానికి వాసన పోయేది. మర్నాడు పొద్దున నడకకు వెళ్లి వచ్చేసరికి మళ్లీ అదే చోట, అదే వాసన.

అక్క దాన్ని బయట పెట్టి తలుపేసేది. అది తలుపు అడుగున గోళ్లతో గీరేది. ఆ గాడుల్లో రంపపు పొట్టు, జిగురు కలిపి నింపి, ఉప్పుకాగితంతో నునుపు చేశాను. రెండు రోజులకు మళ్లీ గాడులే.

“పోయిన మనిషిని పెట్టిన చోటు మీద పోస్తదా! ఈ ఇంట్లో నేనన్నా ఉండాల, అదన్నా ఉండాల” అంది అక్క.

అప్పుడు నా వైపు మాట్లాడింది నూకరాజే. “చెల్లెమ్మ తెచ్చిన కుక్క అక్కా. సామి దాన్ని వదలడు. నువ్వే సర్దుకో.”

అది తప్పిపోయాక కూడా అతనే స్కూటర్ మీద నన్ను ఎక్కించుకుని ట్రాన్స్‌పోర్టు గొడౌన్లన్నీ తిప్పాడు. లారీల కిందికి వంగి “గోలీ, గోలీ” అని నాకంటే గట్టిగా పిలిచాడు. ఇలాంటివాడు ఒకడున్నాడు, చాలు అనుకున్నాను. రాత్రిళ్లు వస్తే లోపలికి రావాలని వీధి తలుపు పూర్తిగా వేయకుండా ఇటుక అడ్డం పెట్టేవాణ్ణి.

“దొంగలొస్తారు గురూ!” అన్నాడు నూకరాజు.

“వస్తే గోలీని చూశారేమో అడుగుతాను” అన్నాను. గట్టిగా నవ్వాడు.

విచిత్రం ఏమిటంటే, గోలీ లేకపోయినా హాల్లో వాసన పోలేదు. సందుల్లో పాతది ఇంకిందేమో అనుకుని ఇంకా తోమాను. ఒక పొద్దున నడకలో ఉండగా వాన పట్టుకుంది. సగంలోనే తిరిగొచ్చాను. అక్క మోకాళ్ల మీద కూర్చుని, ఒక గిన్నెలో గుడ్డ ముంచి ఆ చోటే తుడుస్తోంది.

“ఏమిటక్కా అది?”

“గోమూత్రంరా. గోశాల నుంచి తెప్పిస్తన్నాను. చాందిని పదకొండో రోజు కాడ్నించి ఒక్క పూట మానలేదు. మైల పోవాల కదా.”

నేను కూడా కింద కూర్చున్నాను. కోపం రాలేదు. మా చాందిని కోసం ఆ నొప్పి మోకాళ్లతో రోజూ వంగుతోందని తెలిసి ముందు జాలే వేసింది. తర్వాత మెల్లగా చెప్పాను. “జంతువుకి ఇంకో జంతువు పోసిన వాసన తగిలితే ఊరుకోదక్కా. దాని మీద తనదీ పోస్తుంది. నువ్వు రోజూ కొత్తగా పూస్తున్నావు, అది రోజూ పోసింది. అంతే.”

“అయితే దాని తప్పు నేదేటి?”

“లేదు. దొరికాక నువ్వు ఈ గిన్నె మానేస్తే చాలు.”

అక్క గుడ్డ పిండి గిన్నె అంచున వేసింది. నా వైపు చూడలేదు. “దొరకదురా. నూకరాజు సిల్తారా ఫ్యాక్టరీల కాడ వదిలేసినాడు.”

“ఎప్పుడు?”

“నువ్వు ఖీర్ తింటన్నప్పుడు.”

నూకరాజుకి ఫోన్ చేసి, టెంపో తీసుకుని రమ్మని మాత్రం అన్నాను. వచ్చాడు. నా మొహం చూసి నేరుగా సిల్తారా దారి పట్టాడు.

“అక్క ఏడ్చింది సామీ. నీ ఇల్లు బాగుండాలనే...”

“నాకంటే గట్టిగా పిలిచావు.”

“పిలవకపోతే నీకు అనుమానం రాదా మరి?”

“టెంపోలోకి ఎలా ఎక్కించావు? పెనుగులాడిందా?”

గేరు మార్చి చెప్పాడు. “లేదు. నన్ను చూసి తోకాడించింది. తనే ఎక్కింది.”

ఒక ఇనుము ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపాడు. కాపలాదారు మహేంద్రకు గోలీ బాగా గుర్తుంది. అది టెంపో ఆగిన చోటే పడుకుని, వచ్చే ప్రతి టెంపోకీ లేచి నిలబడేదట. ఫ్యాక్టరీ మసికి ఒళ్లంతా నల్లబడిందట. కిందటి వారం ఒక లారీ డ్రైవరు తన పరాఠాలో సగం పెట్టి, క్యాబిన్‌లోకి ఎత్తుకుని వెళ్లిపోయాడట. ఏ ఊరి లారీయో తెలియదు.

“బెంగ పడకండి బాబూజీ. ఎక్కించే ముందు తన మెడలోని గమ్ఛా తువ్వాలు తడిపి దాని కళ్లు తుడిచాడు” అన్నాడు మహేంద్ర.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను. హాల్లో అక్క ఆ చోటుని ఉత్త నీళ్లతో కడిగింది. గిన్నె ఎక్కడా కనబడలేదు. పొద్దుగూకింది. వంగి వాసన చూశాను. ఏమీ లేదు. నేల ఎంత శుభ్రంగా ఉందంటే, అక్కడ చాందిని పడుకుందన్నా, గోలీ ఉందన్నా ఎవరూ నమ్మరు.

నూకరాజు ఇంకా మెట్టు మీదే నిలబడి ఉన్నాడు. “రేపు బిలాస్‌పూర్ రోడ్డు ధాబాల్లో అడుగుదామా?”

“నేను అడుగుతాలే.”

“నేనూ వస్తాను సామీ.”

“గారెలు కట్టిచ్చింది కదా మీ ఆవిడ. ఆవిడకి ఇది తెలుసా?”

“తెలీదు.”

“చెప్పకు. బాధపడుతుంది.”

నేను వంగి గుమ్మంలోని ఇటుక తీశాను. తలుపు అడుగున గాడులు చేతికి తగిలాయి. ఇక నింపను. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, గడియ వేశాను.