కిటికీకి కట్టిన పన్ను

ఒడెట్ పెల్టియర్‌కి రెండు విషయాల మీద ఏనాడూ అనుమానం రాలేదు. ఒకటి, కత్తెర పట్టడంలో ఆ లోయ మొత్తం మీద తనని మించినవాళ్ళు లేరు. రెండు, నదికి ఇవతల న్యూ హ్యాంప్‌షైర్‌లో ఉండేవాళ్ళు తెలివైనవాళ్ళు, అవతల వెర్మాంట్‌లో ఉండేవాళ్ళు పన్నులు కట్టడానికే పుట్టినవాళ్ళు. ఇంటి ముందు గదిలో ఆమె నడిపే సెలూన్‌కి రెండు ఒడ్డుల నుంచీ జనం వచ్చేవారు. కుర్చీలో కూర్చున్నాక కదిలితే చెవి తెగుతుంది కాబట్టి, ఈ రెండో సంగతి అందరూ కిక్కురుమనకుండా వినేవారు.

"మా సంపాదన మీద రాష్ట్రం ఒక్క సెంటు ముట్టుకోదు. కొట్లో సామాను కొన్నా పన్ను లేదు. మీవాళ్ళే కదా, వంతెన దాటొచ్చి మా దగ్గర వైన్ సీసాలు మోసుకుపోయేది!"

అలాంటి మనిషి అరవై మూడో ఏట వెర్మాంట్ వాడితోనే ప్రేమలో పడింది. దేవుడికి హాస్యం తెలియదని ఎవరన్నారు?

ఆయన పేరు ఆల్డెన్ రస్క్. భార్య పోయి చాలా ఏళ్ళయింది. మంచు కొండ మీద జనాన్ని పైకి లాగే యంత్రాలు బాగుచేసి పింఛను పుచ్చుకున్నాడు. నదికి అవతల గట్టు మీద మేపుల్ తోట, దాని మధ్య పాకం కాచే కొట్టం ఉన్నాయి. జూన్‌లో పెళ్ళి అనుకున్నారు. అంతా బాగానే ఉంది కానీ కాపురం ఏ ఒడ్డున? నేను రానంటే నేను రానన్నారు ఇద్దరూ. పట్టుదల చూస్తే పెళ్ళే ఆగిపోయేట్టుంది. చివరికి ఒడెట్ అన్న భార్య సిమోన్ విసుక్కుంది.

"పిల్లల్లా ఏంటిది? లెక్క వేసుకోండి. ఏ ఒడ్డున మొత్తం పన్ను తక్కువైతే ఆ ఒడ్డున ఉండండి. ఓడినవాళ్ళు ఇల్లు అమ్మెయ్యాలి."

ఇద్దరూ చేతులు కలిపారు. ఆ ఊళ్ళలో చెయ్యి కలిపితే సంతకం పెట్టినట్టే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఒడెట్ వంటింట్లో లెక్క మొదలైంది.

"ముందు ఆదాయం పన్ను," అంది ఒడెట్. "మా వైపు సున్నా. రాసుకో."

"సున్నాకే ఇంత సంబరమా?"

"దాని విలువ నీకేం తెలుసు? ఎప్పుడైనా చూస్తే కదా!"

"సరే తల్లీ, చూశాను. ఇప్పుడు ఇంటి పన్ను చెప్పు."

ఒడెట్‌కి ఉన్నట్టుండి కాఫీ కలపాలనిపించింది. ముప్పై ఏళ్ళ గొప్పల్లో ఆమె ఈ మాట ఎత్తిన పాపాన పోలేదు. ఇవతల ఒడ్డువాళ్ళందరిదీ ఇదే జబ్బు, తమకి లేని పన్నునే లెక్కపెట్టుకుంటారు. సంపాదన జోలికి రాని ఊరికైనా బడి నడపాలి, రోడ్డు మీద మంచు తియ్యాలి. ఆ డబ్బు ఆకాశం నుంచి రాలదు, ఇంటి కప్పు మీంచే రాలుతుంది.

"ఏడాదికి తొమ్మిది వేల రెండు వందల డాలర్లు," అంది గబగబా, వెనక్కి తిరక్కుండానే.

ఆల్డెన్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం లాక్కున్నాడు. "ఈ ఇంటికా? ఇదేంటి, 'దృశ్యం' అని విడిగా కలిపారు?"

"కిటికీలోంచి లోయ కనిపిస్తే ఇంటి ధర పెరుగుతుందట. ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది."

"చూసినందుకు పన్నా! ఊపిరి పీల్చినందుకు ఎంత?"

"నోర్ముయ్."

"దీనికే పదకొండు వందలు పడుతోంది నీకు. ఇదివరకు లేదా?"

"లేదు. చెట్లు అడ్డం ఉండేవి. గాలికి ఇంటి మీద పడతాయని కొట్టించాను."

"ఏ గాలికి?"

"గాలంటే గాలే! లెక్క చూడు ముందు."

ఆల్డెన్ లెక్క చూశాడు. ఆయన వైపు ఇంటి పన్ను సగమే. రాబడి తక్కువని కొంత తగ్గించారు, తోటని అడవి కింద లెక్కగట్టి మరికొంత తగ్గించారు. అయితే అక్కడ ఆయన పింఛను మీద పన్ను, ఆమె సంపాదన మీద పన్ను, కొన్న ప్రతి గొడ్డలి మీదా బల్బు మీదా పన్ను. అన్నీ కూడితే తొమ్మిది వేల ఆరు వందలు తేలింది. నాలుగు వందల తేడాతో ఒడెట్ గెలిచింది.

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి," అన్నాడు ఆల్డెన్, పెన్సిలు కింద పెడుతూ. "సరే, మాటంటే మాటే. మే నెలలో అమ్మేస్తాను. ఒకాయన అడుగుతున్నాడు. కొట్టంలో గుర్రాలు కట్టుకుంటాడట."

గెలిచిన సంతోషంలో ఒడెట్ ఆ గుర్రాల మాట సరిగా వినిపించుకోలేదు.

మార్చి వచ్చింది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు. మేపుల్ చెట్ల మానుల నుంచి తియ్యటి నీరు కారే కాలం. ఆ నీటిని పొయ్యి మీద గంటలకొద్దీ మరిగిస్తేగానీ పాకం రాదు. ఆ కొండల్లో ఏ కొట్టం చూసినా కప్పులోంచి తెల్లగా ఆవిరి లేస్తోంది. అమ్ముకోబోయేవాడికి అవన్నీ ఎందుకని ఆల్డెన్ మాత్రం ఈసారి చెట్లకి బకెట్లు కట్టలేదు. పొద్దున్నే వంతెన దాటి వచ్చి ఒడెట్ వంటింట్లో కూర్చుంటున్నాడు.

ఆ వేళ ఒడెట్, సిమోన్ జుట్టు కత్తిరిస్తోంది.

"ఏంటమ్మా, ఎదురుగా మీ ఆయన కొట్టం అలా బోసిపోయింది?" అంది సిమోన్ కిటికీ వైపు చూస్తూ. "చావు ఇల్లులా ఉంది."

ఒడెట్ చెయ్యి ఆగిపోయింది. తలెత్తి చూసింది. నది ఉంది, గట్టు ఉంది, కొట్టం ఉంది. ఆవిరి లేదు. వంటింటి గుమ్మంలోంచి చూస్తే ఆల్డెన్ కూడా అటే చూస్తూ నిలబడ్డాడు. చేతిలో కాఫీ చల్లారిపోయింది, తాగలేదు.

ఆ పొద్దున ఒడెట్‌కి నిజంగా భయం వేసింది. తన భర్త చనిపోయాక వచ్చిన మొదటి మార్చిలో ఆమెకి ఇల్లంతా గుహలా ఉండేది. ఓ రోజు చెట్ల సందుల్లోంచి ఆ ఆవిరి కనిపించింది. అక్కడెవరో ఒక్కళ్ళే లేచి పొయ్యి వెలిగించుకుని పని చేసుకుంటున్నారన్న సంగతే ఆమెకి కొండంత తోడయింది. ఆ మనిషెవరో అప్పుడు తెలియదు. తర్వాత జుట్టు కత్తిరించమని వచ్చినవాడి చొక్కా కట్టెల పొగా పాకమూ కలిసిన వాసన వేస్తే తెలిసింది.

"వదినా, కాసేపు ఉండు," అంది.

"సగమే అయిందే! ఇలా ఎలా ఉండను?"

ఒడెట్ వంటింట్లోకి వెళ్ళింది. "ఆల్డెన్, ఆ చెట్లు గాలికి భయపడి కొట్టించలేదు. నీ కొట్టం కనపడాలని కొట్టించాను."

ఆల్డెన్ ఇటు తిరిగాడు. "ఎప్పుడు?"

"మూడేళ్ళయింది."

"అప్పుడు నువ్వు నాతో సరిగా మాట్లాడేదానివే కాదు కదా! కత్తిరించి, డబ్బులు తీసుకుని, తరిమేసేదానివి."

"మాట్లాడితే వెర్మాంట్ గొప్పలు మొదలెడతావని."

"అంటే మూడేళ్ళ నుంచీ నన్ను చూడ్డానికి పన్ను కడుతున్నావన్నమాట."

"నీ మొహానికి అంత ఖరీదు లేదు. ఆవిరికి కట్టాను." ఆమె కిటికీ వైపు చెయ్యి చూపించింది. "నువ్వు ఇక్కడుంటే అది ఉండదు. అది లేనప్పుడు నేను గెలిచిందేంటి? బకెట్లు ఎక్కడున్నాయి?"

"అటక మీద. కానీ ఒడెట్, మావైపు నాలుగు వందలు ఎక్కువ."

"కిటికీ పన్ను పదకొండు వందలు పోతోంది కదా. అందులోంచి నాలుగు వందలు తీసెయ్. ఏడు వందలు మిగులు. ఎలా చూసినా నేనే గెలిచాను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆల్డెన్‌కి లెక్క వచ్చు. అయినా కోటు తగిలించుకుని కారు తాళాలు తీశాడు. సగం జుట్టుతో సిమోన్ కూడా వెంట బయల్దేరింది, వదిలేసిపోతే ఊరుకుంటుందా! మధ్యాహ్నానికల్లా ముగ్గురూ చెట్లకి బకెట్లు తగిలించారు.

జూన్‌లో పెళ్ళయింది. ఇవతలి ఒడెట్ ఇల్లు మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఒక జంట కొనుక్కుంది. ఆదాయం పన్ను లేదని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే. మరుసటి మార్చిలో ఆ అమ్మాయి, భర్తని వెంటబెట్టుకుని పాకం కొనడానికి వంతెన దాటి వచ్చింది. ఆల్డెన్ అక్కడి అలవాటు ప్రకారం మంచు మీద వేడి పాకం పోసి, ఊరేసిన పుల్లటి దోసకాయ ముక్కతో పెట్టాడు.

"పొద్దున్నే మా వంటింట్లోంచి మీ ఆవిరే కనిపిస్తుందండీ," అంది ఆ అమ్మాయి. "ఎంత బాగుంటుందో! కానీ ఆ ఇంటి పన్నేంటండీ అంత ఉంది? ఎందుకు కడుతున్నామో అర్థం కావడం లేదు."

పొయ్యి దగ్గర కూర్చున్న ఒడెట్ చేతులు దులుపుకుంది.

"దీనికేనమ్మా," అంది. "నేనూ కట్టాను. ఒక్క సెంటు కూడా దండగ కాలేదు."

పెద్ద కట్టె ఒకటి ఎంచి పొయ్యిలోకి తోసింది.