తిరిగొస్తే అన్న మాట

ఆరేళ్లుగా నాకొక సందేహం. నా మొక్కు ఫలించినట్టా, ఫలించనట్టా?

నా భార్య కోమల హైదరాబాద్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, బట్టల కోసం ఇంటికొచ్చిన పూట వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాను. కోడెను గుడి చుట్టూ తిప్పి అక్కడే కట్టేయడం ఆయన మొక్కు. "నా కోమల తిరిగొస్తే కోడె కడ్త తండ్రీ" అని పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టి దేవుడి పటానికి వేలాడదీశాను. కోమల ఇంటికి వచ్చింది. నడిచింది, వండింది. కానీ తిరిగొచ్చిందా? దేవుడికి అబద్ధం చెప్పకూడదు కదా. అందుకే ముడుపు అలాగే ఉండిపోయింది.

మాది సిరిసిల్ల. నేను సాంచె, అంటే మరమగ్గం, నడుపుతాను. కోమల దానికి కావలసిన నూలును కండెలకు చుట్టేది. అంత చప్పుడులోనూ ఆమె మాట నాకు వినబడేది. కూరలో ఉప్పు తక్కువైందని నేనంటే చాలు, "నీ నాల్కె సాంచెల వడ్డదా?" అనేది.

ఒక ఎండాకాలం ఆమె కుడిచెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడడం మొదలైంది. దాంతోపాటు మూతి ఆ పక్కకే లాగేది. ఒక్క క్షణమే, కానీ రోజుకు ముప్పై నలభై సార్లు. చేతిలోని కండె జారి గోడదాకా దొర్లిపోయేది. తర్వాత నిద్ర పట్టడం మానేసింది. "నా కండెలు ఎవలో దాస్తున్నరు" అని ఏడ్చేది, అంతలోనే నవ్వేది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు.

మా వైపు కొందరు ఆడవాళ్లకు దేవుడు పూనుతాడు, వాళ్లను శివసత్తులంటారు. కోమలకూ శివమే వచ్చిందనుకున్నాం. పక్కింటి కొమురవ్వ ఆమె నుదుట పసుపు పూసింది. నేను పీట వేసి కూర్చోబెట్టాను.

"తల్లీ, మా సంపత్‌కు దుబాయి వీసా ఎప్పుడొస్తది?" అని అడిగింది కొమురవ్వ.

"నాకేమెరుక? నీ కొడుకునే అడుగుపో" అంది కోమల.

కొమురవ్వ దానికీ దండం పెట్టింది.

అందరూ వెళ్లాక కోమల నా మోచెయ్యి పట్టుకుంది. "నాకేదో అయితుందయ్యా. దవాఖానకు తీస్కపో."

"దేవుడు నీ మీదున్నడు, భయపడకు" అన్నాను.

ఇరవై రోజులు అలాగే గడిపాను. ఫిట్స్ వచ్చి పడిపోయాక కరీంనగర్ తీసుకెళ్లాను. అక్కడినుంచి హైదరాబాద్ పంపారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయించిన డాక్టరమ్మ, రోగాలతో పోరాడవలసిన ఒంట్లోని శక్తే పొరపాటున మెదడు మీద తిరగబడిందని చెప్పింది. లక్షల్లో ఒకరికి వస్తుందట. "కొంచెం ముందు తేవాల్సింది" అంది. మందులెక్కించిన కొన్నాళ్లకు చెయ్యి ఎగిరిపడడం ఆగింది. జబ్బుకు ముందరి రెండేళ్ల జ్ఞాపకం మాత్రం పూర్తిగా పోయింది, అంతకుముందువి అక్కడక్కడా పోయాయి. మా బిడ్డ నవీన పెళ్లి ఫోటోలు చూసి, "గీ చీరె నేనెప్పుడు కట్టిన?" అని అడిగింది.

మాట కూడా తగ్గిపోయింది. పండగొచ్చినా, మనవడు పుట్టినా ఒకటే ముఖం. ఆ ముఖం ముందు కూర్చుని ఆరేళ్లుగా నేనొక పని చేస్తూ వచ్చాను. ఉప్పు సరిపోయినా, "తక్కువైంది" అనేవాణ్ని. ఆమె లేచి వెళ్లి ఉప్పుడబ్బా తెచ్చి నా ముందు పెట్టేది. నేను కొంచెం కలుపుకుని, ఉప్పెక్కువైన అన్నం తినేవాణ్ని.

మొన్న శనివారం పటం తుడుస్తూ అడిగింది. "గీ ముడుపు ఎవలిది?"

"నాదే. నువ్వు దవాఖానల ఉన్నప్పుడు మొక్కిన."

"ఏమని?"

"కోమల తిరిగొస్తే కోడె కడ్తనని."

చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "వచ్చిందా?"

నేను ముడుపు వైపు చూశాను.

"ఆరేండ్లాయె. గిన్నిదినాలు నీకు బువ్వ ఎవలు వెట్టిన్రు? కొమురవ్వనా?" అంది. గొంతులో కోపమూ లేదు, నవ్వూ లేదు. "ఉప్పు సరిపోయినా తక్కువైందంటవ్. నేనేదో అనాలని నా మూతి దిక్కు చూస్తవ్. గా మాట ఏందో నాకు యాదికొస్తలేదు. డబ్బా తెచ్చి వెడ్త, ఇంకేం జేయాలె? నువ్వు గామె కోసం చూస్కుంట కూసుంటవ్. గీడ నేనొక్కదాన్నే ఉంట."

నేను పీట మీద కూలబడ్డాను. "నువ్వు దవాఖాన అన్నవ్. నేను పీటేసిన. అప్పుడే తీస్కపోతే గిట్లయ్యేది కాదేమో."

"గది గూడ నాకు యాదికి లేదు. నువ్వే మోస్తున్నవ్" అంది. ముడుపును పటం మీంచి తీసి నా చేతిలో పెట్టి, "రాజన్నకు బాకీ ఎందుకయ్యా? నేనే వచ్చిన. వేరేటామె రాదు" అంది.

సోమవారం పొద్దున బస్సెక్కాం. గుడిలో టికెట్ రాసేవాడు ఎవరి పేరు మీద అని అడిగాడు. "కోమల" అన్నాను. కోడె తాడు మాకిచ్చారు. అది నాలుగడుగులు వేసి మొండికేసింది. కోమల నా చేతిలోంచి తాడు తీసుకుని కుడిచేత్తోనే పట్టి, "నడువ్ బిడ్డా" అంది. నడిచింది.

"ఇంతకుముందు గీడికొచ్చినమా?" అని అడిగింది.

"పెండ్లైన కొత్తల వచ్చినం. 'నీకంటే కోడె నయం, చెప్తే ఇంటది' అని నన్నన్నవ్."

కోమల నవ్వలేదు. కోడెను చూసింది, నన్ను చూసింది. "అట్లనే ఉన్నది" అంది.

గుడి చుట్టూ తిరిగి వచ్చి కోడెను కట్టేశాం. ముడుపు ముడి ఆరేళ్లకు బిగిసిపోయి నా గోళ్లకు లొంగలేదు. కోమల పంటితో లాగి విప్పింది. బిళ్లను నేను హుండీలో వేశాను. పసుపు గుడ్డను ఆమె మడిచి నడుములో దోపుకుంది.