కొరమేను వేపుడుకు మూడో ప్రమాద హెచ్చరిక

నేను ఒక పుస్తకాన్నే గాని, నన్ను చదవడానికని ఎవరూ కొనలేదు. రాజమండ్రిలో ఒక బైండింగు షాపులో పుట్టాను. రెండు వందల పేజీలు, గట్టి అట్ట, వీపున ఎర్ర కాలికో గుడ్డ. నాతోపాటు ఆ పూట కుట్టిన పన్నెండు మందిలో సగం మంది బళ్లకు హాజరు పట్టీలుగా వెళ్లిపోయారు. రోజూ పొద్దున్నే పిల్లల పేర్లు పిలిపించుకుంటూ బతికే అదృష్టం వాళ్లది. నా నుదుట మాత్రం నిడదవోలు కాలవ గట్టు మీద ఉన్న మలయమారుతం బార్ అండ్ రెస్టారెంట్ రాసి ఉంది.

పేరు చూసి మోసపోకండి. అక్కడి నాలుగు ఫ్యాన్లలో ఒకటే తిరిగేది, అదీ యజమాని రామభద్రరాజు గారి కుర్చీ నెత్తిన. లైసెన్సు పని మీద వచ్చిన ఒక అధికారి ఫిర్యాదుల పుస్తకం ఏదని అడిగితే, రాజుగారు తెల్లమొహం వేసి, మర్నాడే నన్ను తెప్పించారు. అట్ట మీద ఎర్ర సిరాతో 'ఫిర్యాదులు, సలహాలు' అని రాయించి, కౌంటరు పక్కన మేకుకు పురికొసతో వేలాడదీశారు. ఇంకో పురికొసకు పెన్ను కట్టారు. మూడో రోజుకు కొస మిగిలింది, పెన్ను పోయింది.

మొదట్లో నాలో రాసినవాళ్లు ఫిర్యాదు చేద్దామని రాయలేదు. పేకాట లెక్కలు వేసుకున్నారు. ఒకాయన బల్ల మీద వాలిన కాకి బొమ్మ గీశాడు. ఇంకొకాయన 'ఫ్యాను తిరగడం లేదు' అని రాస్తే, దాని కిందే మరొకరు 'తిరిగితే చపాతీ ఎగిరిపోద్ది' అని రాశారు. చపాతీ సంగతి నాకు తెలియదు గాని, మనిషికి తాగాక కవిత్వం వస్తుందన్న మాట అబద్ధమనీ, వచ్చేది చేతిరాత పాడవడమొక్కటేననీ అప్పుడే గ్రహించాను.

ఆ బారుకు పేరు తెచ్చింది ఫ్యాన్లు కాదు, నూకరత్నం చేతి కొరమేను వేపుడు. నూకరత్నానికి యాభై అయిదేళ్లుంటాయి. ఒకప్పుడు కాలవ లాకుల గేట్ల దగ్గర పడవలవాళ్లకు వండిపెట్టేది. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడి వంటగది ఆమెదే. ఆమెకు చదువు రాదు. కొలతలూ రావు. పిడికిలే ఆమె తక్కెడ.

వడ్డించేది చిట్టెబ్బాయి. పేరులో అబ్బాయి ఉందిగాని యాభై దాటినవాడు. కుర్రతనంలో పౌరాణిక నాటకాల్లో ద్వారపాలకుడి వేషాలు కట్టాడు. ఆ గొంతు ఇంకా పోలేదు. అతనికి 'లేదు' అనే మాటకు నోరు తిరగదు. చేపలు పూర్తిగా అయిపోయినా "వస్తోందండి" అనేవాడు. వచ్చేదాకా జనం ఇంకో సీసా తాగేవారు. రాజుగారు దీన్ని మంచి సర్వీసు అనేవారు.

మధ్యాహ్నం నాలుగింటికి ఖాళీ దొరికితే నూకరత్నం చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "ఒరే చిట్టెబ్బాయి, అందులో నా వంట గురించి ఎవరన్నా ఏవన్నా రాశారేమో చూడరా" అని అడిగేది. చాలా రోజులు చదవడానికి కాకి బొమ్మ తప్ప ఏమీ లేదు.

అలాంటి రోజుల్లో నా జీవితంలోకి సత్యలింగం గారు వచ్చారు. ఇరిగేషను శాఖలో ముప్పై రెండేళ్లు లాకుల దగ్గర నీటిమట్టాలు రాసి రిటైరయిన మనిషి. ఊళ్లో అందరూ లాకుగారు అంటారు. ఆయనకు రక్తపోటు ఉందని ఇంట్లో భార్య హైమావతి గారు ఉప్పు డబ్బా మీద ఆయన చెయ్యి పడనిచ్చేవారు కాదు. అందుకని సాయంత్రం వాకింగుకని బయల్దేరి, నాలుగో నంబరు బల్ల దాకా నడిచి, ఒక బీరూ ఒక కొరమేను వేపుడూ తీసుకుని, తిరిగి నడిచి వెళ్లేవారు. పెన్ను జేబులో తెచ్చుకునేవారు.

ఒకనాడు ఆయన నన్ను మేకు మీంచి దింపి, బల్ల మీద పెట్టుకుని, తేదీ వేసి ఇలా రాశారు: 'ఈ దినము సాయంత్రము 6 గంటల 40 నిమిషములకు వడ్డించబడిన కొరమేను వేపుడునందు ఉప్పు సాధారణ మట్టమును మించి యున్నది. మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేయడమైనది.' కింద సంతకం.

అచ్చమైన ఫిర్యాదు. నా పుట్టుక సార్థకమైందని పొంగిపోయాను.

మర్నాడు నాలుగింటికి నూకరత్నం వచ్చి నిలబడింది. చిట్టెబ్బాయి పేజీ తెరిచాడు, చూశాడు, తలెత్తి ఆమె మొహం చూశాడు. అక్కడ పద్దెనిమిదేళ్ల నుంచి ఒక్క మంచిమాట కోసం ఎదురుచూస్తున్న రెండు కళ్లు ఉన్నాయి. ద్వారపాలకుడు గొంతు సవరించుకుని, "ఈ దినము వడ్డించబడిన కొరమేను వేపుడు సాధారణ వేపుళ్లను మించి యున్నది. వండిన చేతులకు నమస్కారము" అని చదివాడు.

నేను పుస్తకాన్ని. అరవలేను.

నూకరత్నం ఆ సాయంత్రం లాకుగారికి ఇంకో ప్లేటు అదనంగా పంపింది. చిట్టెబ్బాయి అది బల్ల మీద పెట్టి, రత్నమక్క అభిమానంతో పంపిందని చెప్పాడు. లాకుగారు వంటగది కిటికీ వైపు చూస్తే ఆమె చిరునవ్వుతో దణ్ణం పెట్టింది. అది వెక్కిరింత అనుకున్నారాయన. ప్లేటంతా తిని, రెండు చెంబుల నీళ్లు తాగి, రాశారు: 'ఉప్పు నిలకడగా పెరుగుచున్నది. రెండవ ప్రమాద హెచ్చరిక. ఫిర్యాదు చేసినవారికి శిక్షగా అదే పదార్థమును రెట్టింపు వడ్డించు పద్ధతి ఏ శాఖయందును లేదు.'

చిట్టెబ్బాయి దాన్ని 'రుచి నిలకడగా పెరుగుచున్నది. ఇటువంటి పద్ధతి ఏ హోటలునందును లేదు' అని చదివాడు. నూకరత్నం ఆ సాయంత్రం రెండు ప్లేట్లు పంపింది.

అట్లా రెండు నెలలు నడిచింది. ఆయన తిట్టినకొద్దీ ఆమె పెట్టేది, పెట్టినకొద్దీ ఆయన తిట్టేవారు. మానేసి ఇంకో బారుకు పోవచ్చు కదా అని మీకు తోచవచ్చు. ఆ మాటే పక్క బల్లవాళ్లు అడిగితే, వరదొచ్చిందని లాకు వదిలి పోయినవాణ్ణి కాదని చెప్పారట. డాక్టరు మాత్రం ఆయన రక్తపోటు చూసి, ఇంట్లో ఉప్పు తగ్గించారా లేదా అని హైమావతి గారిని కేకలేశాడు. ఆవిడ ఉన్న కాస్త ఉప్పు కూడా తీసేసింది.

ఈలోగా మిగతా జనం రాయడం చేతగాక వేరే దారి చూసుకున్నారు. జేబుల్లో మిక్చరు పొట్లాలు తెచ్చుకోసాగారు. ఒకాయన చొక్కా లోపల ఉడకబెట్టిన గుడ్లు దాచుకొచ్చి, కూర్చునేటప్పుడు రెండు చితక్కొట్టుకున్నాడు. తన బారులో బయటి మిక్చరు ఎందుకు నములుతున్నారో రాజుగారికి అంతుపట్టలేదు. చివరికి ఒక మధ్యాహ్నం మొదటిసారిగా నన్ను తెరిచారు. నిలబడి మొదలుపెట్టి, కూర్చుని పూర్తి చేశారు. తర్వాత రాజమండ్రికి ఫోను చేసి, నూడుల్సు బాగా చేసే ఒక వంట మాస్టరును సోమవారం నుంచి రమ్మన్నారు. అప్పుడు నూకరత్నాన్ని పిలిచి, పుస్తకం నిండా ఆమె వంట మీద ఫిర్యాదులేనని, ఇక మానెయ్యమని చెప్పారు.

ఆమె నమ్మలేదు. పుస్తకం నిండా తన వంటకు దణ్ణాలు పెట్టారని, కావాలంటే చిట్టెబ్బాయిని అడగమని చెప్పింది. రాజుగారు ఒక పేజీ తీసి పైకి చదివారు: 'మూడవ ప్రమాద హెచ్చరిక. గేట్లన్నియు ఎత్తివేయడమైనది. జగ్గు రెండు పర్యాయములు ఖాళీ. ఇది వేపుడు కాదు, బంగాళాఖాతము.'

నూకరత్నం చిట్టెబ్బాయి వైపు తిరిగింది. అతను నేల చూస్తున్నాడు.

"మరి నువ్వు చదివిందంతా ఏంట్రా?"

"నీ మొహం చూసి చదవలేకపోయానక్కా."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ హాల్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"పోయినేడు జొరం వచ్చినప్పుడు నాకు రుచి పోయిందిరా. ఉప్పు, కారం, ఏదీ తెలీదు. చేతి లెక్కతో వండుతున్నాను. ఎక్కడన్నా తప్పితే ఎవరో ఒకరు చెప్తారులే అని చూత్తన్నాను. చెప్పినోణ్ణి నువ్వు దాచేశావు."

రాజుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. రుచి తెలియని మనిషిని వంటగదిలో ఎట్లా ఉంచుకోమంటావని మెల్లగా అడిగారు. ఆమె బతిమాలలేదు. సోమవారం దాకా గడువుంది గనక, లాకుగారితో ఒక్కసారి మాట్లాడనివ్వమంది.

ఆ సాయంత్రం సత్యలింగం గారు వచ్చి కూర్చోగానే నూకరత్నం నన్ను ఆయన ముందు పెట్టి, తాను ఎదురుగా నిలబడింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. "మీరు రాసిందంతా మొదట్నించీ చదవండి బాబూ. మంచిగా మార్చొద్దు, ఉన్నదున్నట్టు చదవండి" అంది.

కాగితం మీద సింహం ఆయన. మనిషి ముందు మాత్రం పిల్లి. మొదటి ప్రమాద హెచ్చరిక దగ్గరే రెండుసార్లు దగ్గారు. బంగాళాఖాతం దగ్గరికి వచ్చేసరికి, అది కొంచెం ఎక్కువగా రాశానమ్మా అని తనే ఒప్పుకున్నారు. ఆ దణ్ణాలూ ఆ ప్లేట్లూ శిక్ష కాదని తెలిసి, ఏం చెయ్యాలో తోచక, కళ్లద్దాలు మడిచి, విప్పి, మళ్లీ మడిచారు. నూకరత్నం మాత్రం కన్నార్పకుండా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. మొదటిది రాసింది ఏనాడని.

తేదీ వెయ్యకుండా ఆయన జీవితంలో ఒక్క ముక్క రాయలేదు. చూసి, తొలి ఏకాదశి వెళ్లిన రెండో రోజని చెప్పారు.

"దానికి ముందు?"

"ముందు రాయడానికేం లేదమ్మా. ముందంతా బాగానే ఉండేది."

నూకరత్నం వంటగదిలోకి వెళ్లి రెండు చేతులు మూసుకుని తిరిగి వచ్చింది. బల్ల మీద ఒక పిడికిలి విప్పితే రాళ్ల ఉప్పు. రెండోది విప్పితే పిండిలాంటి పాకెట్ ఉప్పు. తొలి ఏకాదశి నాటికి రాళ్ల ఉప్పు బస్తా అయిపోయిందని, అడుగున మిగిలింది ఈ గుప్పెడేనని చెప్పింది. ఆ మర్నాడు రాజుగారు పాకెట్లు తెచ్చారట, చూడటానికి తెల్లగా మర్యాదగా ఉంటుందని.

లాకుగారి కళ్లు మెరిశాయి. ముప్పై రెండేళ్ల శాఖ అనుభవం ఆయనలో లేచి నిలబడింది. రాళ్ల మధ్య గాలి ఉంటుందని, మెత్తని ఉప్పుకు ఆ సందులుండవని, పిడికిలి అదే అయినా లోపల సరుకు ఎక్కువ పడుతుందని చిట్టెబ్బాయికీ, పక్క బల్లకీ, ఆ పక్క బల్లకీ వివరించారు. తక్కెడ తెప్పించి తూచి చూపించారు. మెత్తుప్పు వైపు దిగిపోయింది. "చెయ్యి తప్పలేదమ్మా, ఉప్పు మారింది" అన్నారు.

అందరూ రాజుగారి వైపు చూశారు. ఆయన పైనున్న ఫ్యానును చూస్తూ, మర్నాడు పొద్దున్నే రాళ్ల ఉప్పు బస్తా దింపిస్తామని చెప్పారు. నూడుల్సు మాస్టరుకు ఏం చెబుతారని చిట్టెబ్బాయి అడిగితే, ఆ చెప్పేదేదో నువ్వే ఫోన్లో చదివెయ్యరా, నీకు అలవాటే కదా అన్నారు. చిట్టెబ్బాయి ఫోను పట్టుకుని, వంటమనిషి అవసరం లేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. 'లేదు' అనడం అతనికి అదే మొదలు. చెమటలు పట్టాయి.

అప్పట్నుంచి సాయంత్రం ఆరింటికి లాకుగారు వంటగది గుమ్మం దగ్గర నిలబడి ఒక ముక్క రుచి చూస్తారు. హైమావతి గారికి సంగతి తెలిసింది. ఆవిడ స్వయంగా వచ్చి, ఒక్క ముక్కకు మించితే కాలవలో తోసేస్తానని అనుమతి ఇచ్చి వెళ్లింది. నన్ను మేకు మీంచి తీసి వంటగది అలమరలో పెట్టారు. నా అట్ట మీద ఇప్పుడు ఎర్ర సిరా కన్నా పసుపు ఎక్కువ. నాలో సగం పేజీలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఎదురుగా తిట్టడానికి వీలున్నప్పుడు రాయడమెందుకనుకుంటారు జనం.

మొన్న కార్తీక మాసం వెళ్లి మళ్లీ చేపలు మొదలైన రోజున లాకుగారు చాలా కాలానికి నన్ను అడిగి పుచ్చుకున్నారు. తేదీ వేశారు. 'కొరమేను వేపుడునందు ఉప్పు సరిగా సరిపోయినది. మట్టము సాధారణము' అని రాసి సంతకం పెట్టారు.

చిట్టెబ్బాయి పరుగున వంటగదిలోకి వెళ్లి, ఏ గొంతూ సవరించుకోకుండా, ఒక్క అక్షరం మార్చకుండా చదివాడు.

నూకరత్నం అతని మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత నన్ను అతని చేతుల్లోంచి లాక్కుని హాల్లోకి వచ్చింది. మొదటి బల్ల దగ్గరున్న మేస్త్రి చేత చదివించుకుంది. ఆయన అదే చదివాడు. రెండో బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడా అదే. మూడో బల్ల దగ్గర మిల్లు గుమస్తా నన్ను తలకిందులుగా పట్టుకుని, కొంచెం తడబడి, చివరికి అదే చదివాడు. నాలుగో బల్ల దగ్గర సత్యలింగం గారు లేచి నిలబడ్డారు. ఆమె ఆయన చేతికి నన్ను ఇవ్వలేదు.

"మీరు చదవొద్దు బాబూ. నోటితో చెప్పండి."

"సరిపోయిందమ్మా."

ఆమె తల ఊపింది. నన్ను చంకలో పెట్టుకుని వంటగదిలోకి వెళ్తూ, పొయ్యి మీద మాడిపోతున్న రెండో వాయి సంగతి అప్పుడు గుర్తొచ్చి పరుగెత్తింది.