సెలవులో ఉన్న పదకొండు మంది

మా హెడ్‌మాస్టరు దృష్టిలో చరిత్ర అంటే చచ్చినవాళ్ల ముచ్చట్లు. తొమ్మిదో తరగతికి ఉన్న నాలుగు చరిత్ర పీరియడ్లలో రెండు లెక్కలకు ఇచ్చేద్దామని ఆయన మీటింగులో అనేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ ఉక్రోషంతోనే, తుక్కుకు వెయ్యబోతున్న పాత హాజరు పట్టీలు రికార్డు గదిలోంచి మోసుకొచ్చి పిల్లల ముందు పడేశాను. రాజుల సంగతి తరవాత, ముందు మీ బడి చరిత్ర చెప్పండి అన్నాను.

ఆ తరగతిలో ఒక పిల్లని అందరూ 'సాక్ష్యం' అంటారు. ఏం చెప్పినా ఊరికే నమ్మదు. మర్నాడు ఆ సాక్ష్యమే ఒక పట్టీ తెచ్చి నా బల్ల మీద పరిచింది. నలభై రెండేళ్ల కిందటి తొమ్మిదో తరగతిది. వానాకాలంలో ఒక మంగళవారం నుంచి పదకొండు మంది ఆడపిల్లల పేర్లకు ఎదురుగా 'సె' అని ఉంది. సె అంటే సెలవు. మరో నెల తిప్పితే మళ్లీ సె. ఏడాది చివరిదాకా అదే.

"ఎనిమిది నెలలు సెలవు ఎవరిస్తారు టీచర్?" అంది.

అది మా నాన్న రాత, ఆయన అప్పట్లో ఈ బళ్లోనే టీచరు. నాకు అక్షరాలు దిద్దబెట్టిన చెయ్యి, పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. గుమాస్తా పొరపాటై ఉంటుందిలే అనేశాను. అబద్ధం నా నోటికి అంత తేలిగ్గా వస్తుందని నాకే తెలీదు.

నాన్న నా దగ్గరే ఉంటారు. ఆ సాయంత్రం పట్టీ చూపిస్తే కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన చెప్పింది ఇది. బడి వెనక సంచుల కంపెనీ ఉండేది. పని ఎక్కువైనప్పుడల్లా 'చేతిపని పీరియడు' పేరుతో అక్కడి కూలీల పిల్లల్నే బడి నుంచి పంపేవారు. ఆ మంగళవారం పంపింది నాన్నే. వానకు నానిన కంపెనీ గోడ మధ్యాహ్నం వాళ్ల మీద కూలింది, పదకొండు మందీ పోయారు. చనిపోయింది కూలీలని కాగితాల్లో రాశారు, విద్యార్థినులని రాయలేదు. ఆ కుటుంబాలను కంపెనీ వారంలోగా వేరే చోటికి తరలించింది. బడికి కొత్త బెంచీలు పంపింది. పేర్లు కొట్టేసి, కారణం గడిలో 'ఊరు మారారు' అని రాయమన్నాడట అప్పటి హెడ్‌మాస్టరు.

"అలా రాయడానికి చెయ్యి రాలేదమ్మా. గైరుహాజరు వేస్తే ముప్పై రోజులకి పేరు కొట్టెయ్యాలి, కొట్టేస్తే కారణం రాయాలి. సెలవైతే ఏదీ రాయక్కర్లేదు."

"నిజం రాయొచ్చుగా నాన్నా."

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నువ్వప్పుడు పొత్తిళ్లలో ఉన్నావు."

ఏడాదంతా ఆ పదకొండు పేర్లూ పిలిచేవారట. జవాబు రాదని తెలిసీ ఒక్కో పేరు తరవాత కాసేపు ఆగేవారట. ఇప్పటికీ పొద్దున్నే, పళ్లు తోముకుంటుంటే, ఆ పేర్లు వరసగా నోట్లోకి వస్తాయన్నారు. చివరికి నా చెయ్యి పట్టుకుని, నేను పోయేదాకా ఆగు తల్లీ, ఆ తరవాత చెప్పుకో అన్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఈ ఊళ్లో సగం మంది నాన్న కనిపిస్తే ఆగి నమస్కారం పెడతారు.

మర్నాడు తరగతిలో హాజరు పిలిచాను. ఆఖరి పిల్ల పలికాక కూడా పట్టీ మూయలేకపోయాను. ఇంకా పిలవాల్సినవాళ్లు ఉన్నట్టే అనిపించింది. పిల్లలు కూర్చున్నవి కంపెనీ పంపిన ఆ బెంచీలే. ఇన్నేళ్లుగా నేను చెయ్యి ఆనించి పాఠం చెప్పిన బెంచీలే. నాకు భయమేసింది.

పొరపాటు గుమాస్తాది కాదు, నిన్న నేను అబద్ధం చెప్పాను అన్నాను. తరవాత మొత్తం చెప్పాను. ముందు బెంచీలో ఒక పిల్ల మెల్లగా లేచి నిలబడింది, మళ్లీ కూర్చోవడానికి ఇష్టపడలేదు.

సాక్ష్యం పెన్ను తీసి, కారణం గడిలో ఇప్పుడు రాసేద్దామా అని అడిగింది. వద్దన్నాను. పాత కాగితాన్ని దిద్దకూడదు, అది ఎలా దాచిపెట్టిందో కూడా రేపటివాళ్లు చూడాలి, నీ నోట్‌బుక్కులో రాయి అన్నాను. పదకొండు పేర్లూ రాసుకుంది. తేదీ రాసింది. గోడ సంగతి రాసింది.

"పంపిన టీచరెవరు?"

"మా నాన్న."

పెన్ను ఆపి నా ముఖంలోకి చూసింది. "రాయమంటారా టీచర్?"

"రాయి."

నాన్న పేరులో ఒక ఒత్తు వదిలేసింది. వేలు పెట్టి చూపించి, సరిగ్గా రాయించాను.