పట్టపగలు పీకిన ప్లగ్గు

ఆదివారం ఆసుపత్రి మొత్తానికి కరెంటు తీసేసి ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తామని విద్యుత్ శాఖ వాళ్లు చెప్పినప్పుడు మా పై సారు తలూపి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. ఊరుకునే గుణమే ఉంటే నాకు ఎప్పుడో ప్రమోషన్ వచ్చేదని మా ఆయన అంటుంటాడు. నిజమే కావచ్చు.

మాది పిల్లల ఆసుపత్రి. కింది అంతస్తులో, మందుల గోడౌనుకూ లిఫ్టుకూ మధ్య, కిటికీ లేని చల్లటి గది ఒకటుంది. సర్వర్లుండేది అందులో. వాటిని కాచుకునేది మేం. పై అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు. ఏ పసిగుడ్డు గుండె ఎలా కొట్టుకుంటోందో, ఎవరికి ఏ మందు ఎప్పుడు ఎక్కించాలో నర్సుల గదిలోని పెద్ద తెర మీద కనబడుతుంది. ఆ తెరను నడిపేది మా సర్వరే. అది ఆగినా పిల్లల పక్కనున్న యంత్రాలు ఆగవు, వాటికి సొంత బ్యాటరీలున్నాయి. కానీ అప్పుడు ఒక్కో గాజు తొట్టె దగ్గర ఒక్కో నర్సు కళ్లప్పగించి నిలబడాలి. ఆదివారం అంతమంది నర్సులు ఉండరు. నా భయమల్లా అదే.

అందుకే ఆ సర్వర్‌కు ఒక జంట సర్వర్ పెట్టాం. మొదటిది కరెంటు పోతే బ్యాటరీతో నడిపించే ఒక యూపీఎస్ మీద, జంటది ఇంకో యూపీఎస్ మీద. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి. కాగితం మీద అంతా భేషుగ్గా ఉంది. కాగితం మీదైతే నా బరువూ తక్కువే.

"గురువారం పొద్దున మొదటి సర్వర్‌కు కరెంటు వచ్చే ప్లగ్గు పీకేస్తాం సార్," అన్నాను.

పై సారు ముఖం మాడ్చుకున్నాడు. "బాగా నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకమ్మా? రెండోది ఉందిగా?"

"అది అందుకుంటుందో లేదో ఎవరు చూశారు? ఆదివారం చూద్దామా?"

"పీకాక అందుకోకపోతే?"

"గురువారం వార్డు నిండా మనుషులుంటారు, చూసుకుంటారు. ఆదివారం ఎవరుంటారు సార్? మీరొస్తారా?"

ఆయన రాడు. ఆ ముక్క ఆయనకూ తెలుసు. "అంతా మీ బాధ్యత మీద చేసుకోండి. ఏదైనా అయితే నా పేరెత్తొద్దు," అని చేతులు దులుపుకున్నాడు.

ఆ వార్డు పెద్ద నర్సు మా వదిన. సొంత అన్నయ్య భార్య. నాకు కోపం ముక్కు మీద ఉంటుందంటారు గానీ, వదినకు ముక్కు దాకా కూడా అక్కర్లేదు. వెళ్లి విషయం చెప్పగానే ఇంతెత్తున లేచింది.

"నా పిల్లలతో ప్రయోగాలా? మీ అన్నయ్యతో చెప్పమంటావా?"

"చెప్పు. ఆయన నీకు ఎదురు చెప్పడు, నాకూ ఎదురు చెప్పడు. ఏం లాభం?"

వదినకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కాసేపు తెర వైపు చూసి, "గురువారం సెలవులన్నీ రద్దు చేస్తా. ప్రతి తొట్టె దగ్గర ఒక నర్సును కాగితం, పెన్ను ఇచ్చి నిలబెడతా. నేను సరే అన్నాకే పీకాలి, తెలిసిందా?" అంది.

వదిన ఒప్పుకున్నాక ఇక అడ్డేముంది అనుకున్నాను. అడ్డం మా గదిలోనే ఉంది.

మా బృందంలో పెద్దవాడు ఒకాయన ఉన్నాడు. ఏది అడిగినా మొదటి నుంచీ పాఠం చెబుతాడు గనుక అందరం మాస్టారు అంటాం. ఇంట్లో కూడా పాత కంప్యూటర్లు విప్పుకుని కూర్చుంటాడు. వంటింట్లో గిన్నెలకన్నా వైర్లే ఎక్కువని ఆయన భార్య మొత్తుకుంటుంది. ఈ మధ్యే సొంతంగా ఒక బోర్డు చేసుకొచ్చి సర్వర్ గదిలో పెట్టాడు. ప్రతి యంత్రానికీ ఒక చిన్న దీపం. బాగుంటే పచ్చ, చెడితే ఎరుపు. మేమంతా దాని పక్కన నిలబడి ఫోటోలు కూడా దిగాం. పొద్దున రాగానే బోర్డు చూడటం, అంతా పచ్చగా ఉందనుకుని టీకి వెళ్లడం మాకు అలవాటైపోయింది.

ఆయన కూతురికి నెల తక్కువగా బాబు పుట్టాడు. కిటికీ పక్క తొట్టెలో ఉన్నాడు.

"అమ్మా," అన్నాడు ఆ సాయంత్రం నా బల్ల దగ్గరకొచ్చి. ఎప్పుడూ పాఠంలా సాగే మాట ఆ రోజు తడబడింది. "మనవడు ఇంటికెళ్లేదాకా ఆగరా? మీకు దండం పెడతా."

 అంత పెద్దాయన చేతులు జోడిస్తుంటే సరే అనేద్దామనిపించింది.

"ఆదివారానికి బాబు ఇంటికెళ్తాడా మాస్టారూ?"

"లేదమ్మా."

"మరి ఏ రోజు పీకుదాం చెప్పండి. అందరూ ఉన్న రోజా, ఎవరూ లేని రోజా?"

 ఆయన నా మీద కోపంతోనే వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

గురువారం వదిన ఫోన్ చేసింది. "అందరూ తొట్టెల దగ్గరున్నారు. కానియ్."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, వంగి, మొదటి యూపీఎస్ మీద నడిచేవన్నీ గుచ్చిన పవర్ స్ట్రిప్ ప్లగ్గు పీకేశాను.

మొదటి సర్వర్ ఆగింది. ఆగాలి కూడా. ఆ వెంటనే జంట సర్వర్ కూడా ఆగింది. ఫ్యాన్ల హోరు పోయి గది చెవులు మూసుకున్నట్టయింది.

"తెర పోయిందే!" వదిన కేక. "తొట్టెల దగ్గర నుంచి ఒక్కరు కదిలారంటే ఊరుకోను! నువ్వు రాసుకో, నువ్వు గట్టిగా చదువు!"

ప్లగ్గు మళ్లీ గుచ్చాను. సర్వర్ లేవడానికి కొంత సమయం పడుతుంది. దాన్ని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. పై నుంచి నర్సులు ఒక్కో బాబు, ఒక్కో పాప గుండె లెక్క చదువుతుంటే ఫోన్‌లో వింటూ నిలబడ్డాం.  మాస్టారు గోడకానుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆ గదిలో హాయిగా వెలుగుతున్నది ఒక్కటే. మాస్టారు బోర్డు. కొత్త కబురు చెప్పాల్సిన సర్వర్లే పడిపోయేసరికి, పాత కబురే పట్టుకుని, అన్ని దీపాలూ పచ్చగా పెట్టుకుని కూర్చుంది.

"ఇది ఎలా బతికుంది?" అన్నాను.

మాస్టారు కళ్లు తెరిచాడు. వైరు పట్టుకుని వెనక్కి పాకాడు. బోర్డు వైరు రెండో యూపీఎస్‌కు వెళ్లింది. దాని లావుపాటి అడాప్టర్ పట్టక, అక్కడున్న ఒక ప్లగ్గు తీసి పక్కనున్న మొదటి యూపీఎస్ స్ట్రిప్‌లో పెట్టారు. ఆ తీసిన ప్లగ్గు జంట సర్వర్‌ది. అంతా బాగుందని చూపించే బోర్డుకు చోటు చేయబోయి, బాగుండాల్సినదాన్ని మొదటి దాని నెత్తినే పెట్టాం.

"నేనే మార్చాను. ఏదో ఒక వైరు అనుకున్నా," అన్నాడు మాస్టారు నేల మీద కూర్చునే. "నా మనవడి నెత్తి మీదే..." అని ఆగిపోయాడు.

"మీరొక్కరేనా? పక్కన నిలబడి పళ్లికిలించి ఫోటో దిగింది నేను కాదా? లేవండి. మార్చండి ముందు."

ఈలోగా తెర తిరిగి వచ్చింది. పిల్లలందరూ క్షేమమని వదిన చెప్పింది. ఆ తర్వాత నన్నూ నా చదువునూ కలిపి కడిగి పారేసింది. పడ్డాను. పడాల్సిందే.

మాస్టారు జంట సర్వర్ ప్లగ్గును రెండో యూపీఎస్‌కు మార్చేసరికి పై సారు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "తప్పు దొరికింది, సరిచేశారు, బాగుంది. ఇక ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు!"

"మళ్లీ పీకాలి సార్."

"మతి పోయిందా మీకు?"

"నిన్న కూడా అంతా సరిగ్గా ఉందనే అనుకున్నాం కదా. ఇప్పుడు సరిగ్గా ఉందని ఎవరు చెప్పారు?"

ఫోన్ ఇంకా స్పీకర్‌లోనే ఉంది. అవతల వదిన వింటోంది. ఆమె ఒక్కసారి వద్దంటే నేను చేయగలిగింది ఏమీ లేదు.

"వదినా," అన్నాను. "తిట్టు, ఇంకా తిట్టు. కానీ ఇంకొక్కసారి పీకనివ్వు. ఆదివారం నువ్వూ ఉండవు, నేను ఈ గదిలో ఉన్నా చేసేదేమీ ఉండదు."



"మాస్టారున్నారా అక్కడ?" అంది వదిన. "ఆయన్ని అడుగు. ఆయన మనవడు ఇక్కడే ఉన్నాడు. ఆయన ఊ అంటే నేనూ ఊ అంటా."

నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. మాస్టారే లేచాడు. చొక్కా నిండా దుమ్ము. పై సారును పక్కకు తప్పుకోమన్నట్టు చేయి అడ్డంగా ఊపి, మొదటి యూపీఎస్ ముందు కూర్చున్నాడు.

"నేనే పీకుతానమ్మా," అన్నాడు.

"అందరూ తొట్టెల దగ్గరికి!" అని వదిన అరవడం వినబడింది. పై సారు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మాస్టారు పీకేశాడు. మొదటి సర్వర్ దీపాలు టపటపా ఆరిపోయాయి. నేను జంట సర్వర్ మీద చేయి వేశాను. లోపల ఫ్యాను తిరుగుతోంది. కానీ తిరుగుతున్నంత మాత్రాన తెరను అందుకున్నట్టు కాదు, ఆ మాట పై నుంచే రావాలి. వదిన ఉలకదు, పలకదు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది, ఎవరో జోకొడుతున్నారు. 

"ఏమే!" వదిన గొంతు ఖంగుమంది. "ఇంకా ఎంతసేపు? తెర వంక చూసీ చూసీ కళ్లు కాయలు కాస్తున్నాయి మాకు. పీకుతావా, పీకవా?"

మాస్టారు నేల మీద కూర్చుని, చేతిలో ప్లగ్గుతోనే, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"పీకేశాం వదినా," అన్నాను.